మందు పనిచేసిందా, మడి మంచిదా? మీ పొలంలోనే తేల్చుకోండి

"పక్క చేలో ఆయన ఫలానా మందు కొట్టాడు, ఎకరాకు రెండు బస్తాలు ఎక్కువ పండాయి." ఈ మాట ప్రతి సీజన్లో, ప్రతి ఊళ్లో వినపడేదే. ఆయన అబద్ధం చెప్పడు. కానీ ఆ రెండు బస్తాలు మందు వల్ల వచ్చాయో, తూము పక్క మడి కావడం వల్ల వచ్చాయో, పోయిన ఏడాది అక్కడ పశువుల ఎరువు తోలడం వల్ల వచ్చాయో ఆయనకూ తెలియదు. రోడ్డు పక్కన ఫ్లెక్సీ కట్టి కంపెనీలు చూపించే డెమో ప్లాటు కథా ఇంతే. ఒక్క మడి, అదీ ఊళ్లోకెల్లా మంచి మడి. అందులో ఏం చల్లినా పండుతుంది.

మీ పొలంలో మీరే సరైన ప్రయోగం పెట్టుకోవచ్చు. దానికి ల్యాబ్ అక్కర్లేదు. కొలటేపు, తాడు, తూకం, ఒక నోటుబుక్కు, ఒక రూపాయి బిళ్ల, కాస్త లెక్క తెలిస్తే చాలు. వరిలో పొడ తెగులును ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలో చెబుతాను. మీ పంట మిరప అయినా, పత్తి అయినా పద్ధతి మారదు, కొలతలు మారతాయి అంతే.

ముందు ప్రశ్న ఒక్క వాక్యంలో రాసుకోండి

"సూడోమోనాస్ (తెగులును అణిచే బాక్టీరియా పొడి) మంచిదా?" అనేది ప్రశ్న కాదు. "సూడోమోనాస్ పొడిని ప్యాకెట్ మీద ఉన్న మోతాదులో రెండుసార్లు పిచికారీ చేస్తే, ఉత్త నీళ్లు కొట్టిన మడి కన్నా పొడ తెగులు ఎంత తగ్గుతుంది, గింజ ఎంత పెరుగుతుంది?" ఇది ప్రశ్న. దీనిలో ఏం చేయాలో, దేనితో పోల్చాలో, ఏం కొలవాలో మూడూ ఉన్నాయి. నాట్లకు ముందే ఇది నోటుబుక్కులో తారీఖు వేసి రాయండి. పంట కోశాక ప్రశ్న మార్చుకునే బుద్ధి పుడుతుంది, అందరికీ పుడుతుంది. తెగులు తగ్గకపోతే "గింజ మెరుపు వచ్చింది కదా" అంటాం. రాసి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మందు మార్చి, దానితోపాటు యూరియా కూడా తగ్గిస్తే ఏది పనిచేసిందో బ్రహ్మకు కూడా తెలియదు. పైగా పొడ తెగులుకు యూరియా ఎక్కువైతే పండగే. అందుకని అన్ని మళ్లకూ యూరియా తూచి వేయాలి. ఎకరాకు ఒక దఫా 35 కిలోలు వేసేవారైతే 8 మీటర్లు పొడవు, 8 మీటర్లు వెడల్పు ఉన్న మడికి 550 గ్రాములు పడుతుంది. గుప్పిళ్ల లెక్క పనికిరాదు.

లేబుల్ లేని సీసాలు, "ఇది టానిక్ అండీ, పేరు లేదు" అని డీలర్ చేతిలో పెట్టేవి ప్రయోగానికి తీసుకోకండి. లోపల ఏముందో తెలియనప్పుడు ఫలితం వచ్చినా దేనివల్ల వచ్చిందో చెప్పలేరు, వచ్చే ఏడాది అదే సరుకు దొరుకుతుందన్న నమ్మకమూ లేదు.

మళ్లు ఎలా వేయాలి

మొత్తం పన్నెండు మళ్లు కావాలి, ఆరు జతలు. ఒక్కో మడి 8 మీటర్లు × 8 మీటర్లు. జతలోని రెండు మళ్ల మధ్య ఒక మీటరు, ఒక జతకీ ఇంకో జతకీ మధ్య ఒక మీటరు ఖాళీ. మొత్తం 17 మీటర్ల వెడల్పు, 53 మీటర్ల పొడవు అవుతుంది. అంటే సుమారు 22 సెంట్లు, గుంటల్లో చెప్పాలంటే తొమ్మిది. మిగతా పొలం ఎప్పటిలాగే చేసుకోండి. ప్రయోగం చెడినా ఇల్లు గడవాలి కదా.

ఇక్కడ ఒక్క విషయం దగ్గర నిదానించండి. ఏ పొలమూ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకేలా ఉండదు. తూము దగ్గర నీరు ముందు అందుతుంది, మెత్తటి మట్టి అక్కడే పేరుకుంటుంది. చివరి మడికి వచ్చేసరికి నీరు ఆలస్యం. కాబట్టి ఒక జతలోని రెండు మళ్లూ తూముకు సమాన దూరంలో ఉండాలి. తూము దగ్గర ఒక జత, దాని తర్వాత ఇంకో జత, అలా చివరిదాకా. అప్పుడు పోలిక ఎప్పుడూ పక్క పక్క మళ్ల మధ్యే జరుగుతుంది, తూము మడికీ చివరి మడికీ మధ్య కాదు.

పొడ తెగులులో ఇంకో చిక్కు ఉంది. ఈ తెగులు రైజోక్టోనియా సొలానై అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. అది ఆవగింజంత గోధుమరంగు ఉండలు కడుతుంది. అవి నీటి మీద తేలుతూ ఒక మడి నుంచి ఇంకో మడికి పోయి దుబ్బులకు అంటుకుంటాయి. నీరు మడి మీదుగా మడికి పారితే పైమడి తెగులు కిందిమడికి చేరుతుంది. అందుకే మధ్యలో వదిలిన మీటరు ఖాళీలో 53 మీటర్ల పొడవునా పిల్లకాలువ తీయండి. ప్రతి మడికీ నాలుగు వైపులా చిన్న గట్టు, కాలువ నుంచి సొంతంగా ఒక మడవ. ఒక రోజు పార పని అవుతుంది, కానీ దీన్ని వదిలేస్తే మిగతా శ్రమంతా వృథా.

బిళ్ల ఎగరేయండి, మనసుతో ఎంచుకోకండి

ప్రతి జతలోనూ ఏ మడికి మందు, ఏ మడికి ఉత్త నీళ్లు? దీన్ని మీరు నిర్ణయించకూడదు. బొమ్మ పడితే ఎడమ మడికి మందు, బొరుసు పడితే కుడి మడికి. ఆరు జతలకూ ఆరుసార్లు ఎగరేసి, పడింది పడినట్టు రాసుకోండి. వరసగా నాలుగుసార్లు ఎడమ పక్కే వచ్చినా మళ్లీ ఎగరేయకూడదు.

"ఇంత చిన్న పనికి ఇంత పట్టుదల ఎందుకు?" అనిపిస్తుంది. ఈ చిన్న పనే ఇరవయ్యో శతాబ్దంలో సైన్సు నడకను మార్చింది, అదీ పొలంలో మొదలై. ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో 1843 నుంచి ఎరువుల ప్రయోగాలు నడుస్తున్నాయి. అక్కడికి 1919లో రోనాల్డ్ ఫిషర్ అనే గణిత శాస్త్రవేత్త వచ్చాడు. దశాబ్దాలుగా పోగుపడిన దిగుబడి లెక్కలు ముందేసుకుని కూర్చుంటే, ఎరువు తేడా ఎంతో, నేల తేడా ఎంతో విడదీయడం కష్టమైంది. దానికి ఆయన చెప్పిన ఉపాయమే ఇది: ఏ మడికి ఏది అనేది లాటరీకి వదిలెయ్యండి, ఒకే పోలికను పలుమార్లు చేయండి, పక్క పక్క మళ్లనే పోల్చండి.

అదే ఉపాయం పొలం దాటి ఆసుపత్రికి వెళ్లింది. 1947లో బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా లేదా అని చూసినప్పుడు, ఎవరికి మందు ఇవ్వాలో డాక్టర్లు ఎంచుకోలేదు. సీలు వేసిన కవర్లలో ముందే రాసి పెట్టిన లాటరీ నిర్ణయించింది. డాక్టరు ఎంత మంచివాడైనా, తెలియకుండానే కోలుకునేలా కనిపించే రోగికి మందు ఇవ్వాలనిపిస్తుంది. ఆ తర్వాత మద్రాసులో 1956లో మొదలైన క్షయ పరిశోధనా కేంద్రం, శానటోరియంలో ఉంచి వైద్యం చేయాలా, ఇంట్లో ఉంచి మందులిస్తే సరిపోతుందా అన్న ప్రశ్నను ఇదే పద్ధతిలో తేల్చింది. ఇల్లే చాలని 1959లో వచ్చిన ఆ ఫలితం ప్రపంచమంతటా క్షయ వైద్యాన్ని మార్చింది. పేదవాడు నెలల తరబడి పనీ ఇల్లూ వదిలి ఆసుపత్రిలో పడి ఉండే బాధ తప్పింది.

ఫ్యాక్టరీల దాకా వెళ్లిన దారిలో మన తెలుగువాడి అడుగూ ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్.రావు, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండగా 1940లలో ఒక పట్టిక పద్ధతి కనిపెట్టారు. చాలా విషయాలను ఒకేసారి పరీక్షించాలంటే అన్ని కలయికలూ చేయనక్కర్లేదు, లెక్క ప్రకారం ఏరిన కొన్ని చేస్తే చాలన్నది అందులోని కీలకం. జపాన్ ఇంజనీరు తగుచి ఆ పట్టికలతోనే ఫ్యాక్టరీల్లో నాణ్యత పెంచే పద్ధతులు నడిపించాడు. మీరు ఒక్కటే మార్చమన్నాను కాబట్టి మీకు ఆ పట్టికలు ఇప్పుడు అక్కర్లేదు. రెండు మూడు సీజన్లు గడిచి చెయ్యి తిరిగాక చూద్దాం.

పంపును కొలవండి

చాలామంది మందు కొలుస్తారు, నీళ్లు కొలవరు. 10 మీటర్లు × 10 మీటర్ల చోటు తాడుతో గుర్తు పెట్టుకోండి. ట్యాంకు ఒక గీత దాకా ఉత్త నీళ్లు నింపి, మీ మామూలు నడకతో ఆ చోటంతా కొట్టండి. మళ్లీ అదే గీత దాకా నింపడానికి ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. దాన్ని 40తో గుణిస్తే ఎకరాకు ఎంత పడుతుందో తెలుస్తుంది. 5 లీటర్లు పడితే ఎకరాకు 200 లీటర్లు, సరిగ్గా ఉంది. 3 లీటర్లే పడితే మీరు పరుగెత్తుతున్నారు.

ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూసుకోండి. 100 చదరపు మీటర్లకు 4 నిమిషాలు పడితే మీ 64 చదరపు మీటర్ల మడికి 2 నిమిషాల 34 సెకన్లు. ఆ సమయం అయ్యేసరికి మడి పూర్తవ్వాలి, ముందూ కాదు వెనకా కాదు. ఒక్కో మడికి 3.2 లీటర్ల చొప్పున మూడు మళ్లకు 10 లీటర్లు కలుపుకుంటే సరిపోతుంది.

మందు లేని మళ్లకు ఏమీ కొట్టకుండా వదిలేయకండి. అదే మనిషి, అదే పంపుతో, అంతే నీరు కొట్టాలి. నడవడం వల్ల, తడి వల్ల వచ్చే తేడా రెండు వైపులా సమానం కావాలి. ట్యాంకు ముందు సబ్బుతో రెండుసార్లు కడగండి, పాత శిలీంధ్రనాశిని మిగిలి ఉంటే సూడోమోనాస్ బాక్టీరియా చచ్చిపోవచ్చు. ఉత్త నీళ్ల మళ్లు ముందు, మందు మళ్లు తర్వాత. గాలి ఉంటే ఆ రోజు మానేయండి. మూతికి గుడ్డ, చేతికి తొడుగులు జీవన మందులకు కూడా వాడాల్సిందే. పిచికారీ దుబ్బు మొదలుకు తగలాలి, తెగులు మొదలయ్యేది అక్కడే కనక.

తెగులును కంటితో కాదు, స్కేలుతో చూడండి

"ఈ మడిలో తెగులు తక్కువగానే ఉంది" అనే మాటకు నోటుబుక్కులో చోటు లేదు. గింజ పాలు పోసుకునే దశలో, పొడి నేల ఉన్న ఉదయం ఒక మీటరు స్కేలు పట్టుకుని దిగండి. మడికి ఒక మూల నుంచి ఎదురు మూలకు నడుస్తూ ప్రతి రెండో అడుగులో కుడికాలికి దగ్గరగా ఉన్న దుబ్బు తీసుకోండి. పది దుబ్బులు. బాగున్న దుబ్బు, బాగాలేని దుబ్బు అని ఏరుకోవద్దు.

ఆకులు పక్కకు తప్పించి దుబ్బు మొదలు చూడండి. నీటిమట్టానికి కాస్త పైన, కాండాన్ని చుట్టి ఉన్న ఆకు తొడుగు మీద కోలగా ఒక మచ్చ కనిపిస్తుంది. మొదట్లో బూడిద కలిసిన ఆకుపచ్చ, తర్వాత నడుమ పాలిపోయి చుట్టూ గోధుమరంగు అంచు. అలాంటివి ఒకదానితో ఒకటి కలిసి పైకి పాకుతాయి. పాము ఒంటి మీద పొడల్లా ఉంటాయి కనకే పాముపొడ అని కూడా అంటారు. అన్నిటికన్నా పైన ఉన్న మచ్చ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి, మొక్క మొత్తం ఎత్తు కొలవండి. మచ్చ 36 సెంటీమీటర్లు, మొక్క 90 అయితే 40 శాతం. వరి శాస్త్రవేత్తలు వాడే 0 నుంచి 9 స్కేలులో 20 శాతం లోపు ఉంటే 1, 20 నుంచి 30 దాకా 3, 31 నుంచి 45 దాకా 5, 46 నుంచి 65 దాకా 7, అంతకు మించితే 9. మీకు శాతమే చాలు. పది దుబ్బుల సగటు తీసి మడికి ఒక్క అంకె రాయండి.

ఈ కొలత తీసేవారికి ఏ మడిలో మందు కొట్టారో తెలియకూడదు. బిళ్ల ఎగరేసిన కాగితం మీ దగ్గర దాచి, డిగ్రీ చదివే మీ అబ్బాయినో పక్కింటి అమ్మాయినో దించండి. మళ్లకు 1 నుంచి 12 దాకా నంబర్లు మాత్రమే ఉండాలి. మందుకు డబ్బులు పెట్టినవాడి కంటికి మచ్చ ఎప్పుడూ రెండు సెంటీమీటర్లు కిందికే కనపడుతుంది.

ఒక హద్దు ముందే గీసుకోండి. నీళ్ల మళ్ల సగటు 65 శాతం దాటితే ప్రయోగం అంతటితో ఆపి, అన్ని మళ్లకూ సిఫారసు చేసిన శిలీంధ్రనాశిని కొట్టేయండి. అలా ఆపడం ఓటమి కాదు. అప్పటిదాకా తీసిన కొలతలు చెల్లుతాయి.

కోత, తూకం, తేమ

మడి మొత్తం కోసి తూచకండి. అంచుల్లో మొక్కకు ఎండా గాలీ ఎక్కువ, అవి అబద్ధం చెబుతాయి. నడుమ 5 మీటర్లు × 5 మీటర్ల చోటు మాత్రమే తీసుకోండి. పంటకోత ప్రయోగాల్లో వరికి ప్రభుత్వ సిబ్బంది వాడేది కూడా ఇదే కొలత. నాలుగు మేకులు పాతి తాడు కట్టాక మూల నుంచి మూలకు కొలవండి, 7 మీటర్ల 7 సెంటీమీటర్లు రావాలి. రెండు వైపులా అంతే వస్తేనే అది నిజమైన చతురస్రం, లేకపోతే వంకర.

కోసి, టార్పాలిన్ మీద నూర్చి, తూర్పారబట్టి, తాలు తీసేసి తూచండి. ఇక్కడ 25 చదరపు మీటర్లలో ఒక కిలో అంటే ఎకరాకు 162 కిలోలు. తూకంలో 100 గ్రాముల పొరపాటు ఎకరాకు 16 కిలోలు. కాబట్టి చేతి కాటా కాదు, డిజిటల్ తూకం.

వెంటనే తేమ చూడాలి. మీటర్ లేకపోతే కొనుగోలు కేంద్రంలో అడగండి. ఒక మడిలో 15 కిలోలు వచ్చాయి, తేమ 22 శాతం. పక్క మడిలో 14.2 కిలోలే వచ్చాయి, తేమ 17 శాతం. ఏది ఎక్కువ? బరువును 100లోంచి తేమ తీసేస్తే వచ్చే అంకెతో గుణించి 86తో భాగించండి. రెండూ 14 శాతం తేమ దగ్గరికి వస్తాయి. మొదటిది 13.6, రెండోది 13.7. ఎక్కువ అనుకున్నదే తక్కువ తేలింది. తెగులు సోకని దుబ్బు కోతనాటికి పచ్చగా ఉంటుంది, గింజలో నీరు ఎక్కువ ఉంటుంది. తేమ చూడకపోతే మందుకు దొంగ మార్కులు పడతాయి.

లెక్క

ఆరు జతలకు ఆరు తేడాలు వస్తాయి: మందు మడి బరువులోంచి నీళ్ల మడి బరువు తీసేయండి. పద్ధతి చూపడానికి ఈ అంకెలు వేసుకుందాం: 0.9, 0.4, మైనస్ 0.2, 0.7, 0.6, 0.3 కిలోలు. సగటు 0.45 కిలో, అంటే ఎకరాకు 73 కిలోలు. దాదాపు ఒక బస్తా.

ఇక్కడే చాలామంది ఆగి మీసం మెలేస్తారు. ఆగకండి. ఈ తేడా బిళ్ల చలవేమో చూడాలి. ప్రతి తేడాలోంచి సగటు తీసేసి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, ఆరింటినీ కూడండి. 0.735 వస్తుంది. 5తో భాగిస్తే 0.147, దాని వర్గమూలం 0.383. దాన్ని 6 వర్గమూలంతో, అంటే 2.449తో భాగిస్తే 0.157. ఫోన్ కాలిక్యులేటర్ చాలు. ఇది మీ సగటులో ఉన్న ఊగిసలాట. సగటును దీనితో భాగించండి: 2.87. ఆరు జతలకు ఇది 2.57 దాటితే, ఉత్త అదృష్టం వల్ల ఇంత తేడా రావడం నూటికి ఐదుసార్ల కన్నా తక్కువ. ఐదు జతలే మిగిలితే 2.78 దాటాలి, ఎనిమిది జతలు పెట్టగలిగితే 2.36 చాలు.

ఇంకో అడుగు. ఊగిసలాటను 2.57తో గుణిస్తే 0.40. కాబట్టి అసలు లాభం 0.05 నుంచి 0.85 కిలో మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఎకరాకు 8 కిలోల నుంచి 138 కిలోల దాకా. క్వింటా 2,300 రూపాయలు అనుకుంటే 184 రూపాయల నుంచి 3,174 రూపాయల దాకా. మందూ కూలీ కలిపి 1,200 అయితే? పనిచేస్తోందని చెప్పొచ్చు, గిట్టుబాటు అవుతుందని ఈ ఒక్క సీజన్‌తో చెప్పలేం. ఈ రెండూ వేరువేరు ప్రశ్నలు, అమ్మేవాళ్లు మొదటిదానికే జవాబు చెప్పి ఊరుకుంటారు.

తెగులు శాతాలకూ ఇదే లెక్క చేయండి. మడికి పది దుబ్బులు కొలిచాం కాబట్టి అరవై లెక్కలున్నాయని మాత్రం మురవకండి. బిళ్ల ఎగరేసింది ఆరుసార్లే, సాక్ష్యాలు ఆరే.

ఆ ఏడాది పొడ తెగులే రాకపోతే? రెండు వైపులా సున్నాలే ఉంటాయి. "మందు పనిచేయలేదు" అని రాయకండి, "ఈ ఏడాది ప్రశ్న అడగడమే కుదరలేదు" అని రాసి వచ్చే ఖరీఫ్‌లో మళ్లీ పెట్టండి.

ఒక్కరికి పన్నెండు మళ్లు బరువు అనిపిస్తే ఊళ్లో ఆరుగురు కలవండి. ఒక్కొక్కరు తమ పొలంలో ఒక్క జత పెట్టుకుంటే ఆరు జతలు అవుతాయి. లెక్క ఇదే. నిజానికి ఇది ఇంకా మేలు, ఆరు రకాల నేలల్లో వచ్చిన జవాబు ఒక్క పొలంలో వచ్చినదానికన్నా గట్టిది. మందు ఒకే బ్యాచ్‌ది కొనండి, ఒకే వారంలో కొట్టండి, ఒక్కరే అన్ని పొలాలూ తిరిగి కొలవండి. బిళ్ల మాత్రం ఎవరి పొలంలో వారు ఎగరేయకండి, పక్కవాడితో ఎగరేయించండి.